గాలిపటానికి ఫోను కట్టి ఉప్పుమళ్లు ఫొటో తీయడం: ఏడు ఎగరేతల లెక్క

ఇది చూసి ఎవరైనా చేసుకోవాలనీ, ఇక్కడ చేసిన తప్పులు మళ్లీ చేయకూడదనీ రాసిపెట్టిన డైరీ. పని ఒకటే. పాత ఫోనును గాలిపటం దారానికి కట్టి 40 మీటర్ల పైకి పంపి, కిందికి నిటారుగా చూసే ఫొటోలు తెప్పించాలి. మొదట నెల్లూరు తీరంలో మైపాడు ఇసుక, తర్వాత ఇసకపల్లి ఉప్పుమళ్లు. డ్రోను లేదు, మోటారు లేదు.

నెట్‌లో ఇలాంటి వీడియోలు కొల్లలు. ఒకాయన ఫోనును సాక్సులో పెట్టి రబ్బరు బ్యాండ్లతో గాలిపటం వీపుకే కట్టేశాడు. ఎగరడం చూపించాడు, దిగడం చూపించలేదు. దిగే భాగం ఏ వీడియోలో కత్తిరించి ఉంటే ఆ పద్ధతి జోలికి పోవద్దు.

దశ 1: బద్దలు (ఎగరేత 1, పెన్న ఇసుకలో)

ఎంచుకున్నది జపాన్ ఆరు మూలల గాలిపటం, రొక్కాకు. తోక అక్కర్లేదు, తక్కువ గాలికి లేస్తుంది, చుట్టేసి బైకు మీద పెట్టుకోవచ్చు. కొలతలు గుర్తుంచుకోవడం తేలిక. నిలువు 100 అనుకుంటే అడ్డం 80. పై అడ్డబద్ద పైకొన నుంచి 25 దగ్గర, కింది అడ్డబద్ద కిందికొన నుంచి 25 దగ్గర. వైశాల్యం నిలువు వర్గంలో 0.6 వంతు.

మొదటిది 120 × 96 సెం.మీ. పాలిథిన్ పట్టాతో, అప్పుడే చీల్పించిన పచ్చి వెదురుతో చేసింది. నాలుగుసార్లు లేచింది, నాలుగుసార్లూ ఎడమకే తిరిగి ఇసుకలో ముక్కు గుచ్చింది. మూడు మీటర్ల తోక కడితే అదే పని కాస్త నిదానంగా చేసింది. తోక రోగాన్ని దాస్తుంది, నయం చేయదు.

తప్పు అడ్డబద్దలో ఉంది. కంటికి కనబడదు, కొలవాలి:

1. బద్ద సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టండి.
2. ఆ గుర్తు బల్ల అంచు మీదికి వచ్చేలా పెట్టి, లోపలి సగాన్ని క్లాంపుతో బిగించండి.
3. బయటికున్న సగం కొనకు పావు కిలో బరువు వేలాడదీసి, కొన ఎన్ని మి.మీ. దిగిందో స్కేలుతో చూడండి.
4. బద్ద తిప్పి రెండో సగానికీ అదే చేయండి.

ఇక్కడ వచ్చింది: ఎడమ 58 మి.మీ., కుడి 41 మి.మీ. మెత్తగా ఉన్న ఎడమ సగం గాలికి వెనక్కి వంగిపోయి గాలిని జారవిడుస్తోంది, పటం అటే వాలిపోతోంది. బొంగు మొదలు వైపు దళసరిగా, కొస వైపు పల్చగా ఉంటుంది. దానికితోడు కుడి సగంలో రెండు కణుపులు పడ్డాయి.

దిద్దుబాటు: గట్టి సగాన్ని లోపలి వైపు నుంచి, అంటే పిప్పి వైపు నుంచి, గాజుపెంకుతో గీకాలి. పచ్చ పొర వైపు కత్తి తగలనివ్వొద్దు. వెదురు బలమంతా ఆ పొర కింద ఉండే నారలోనే ఉంది. రెండు సగాలకూ తేడా 3 మి.మీ. లోపలికి వచ్చేదాకా గీకి, మళ్లీ కొలిచి, మళ్లీ గీకాలి. ఒక బద్దకు గంట పడుతుంది. ఈ గంట దాటవేసినవాళ్లు మైదానంలో మూడు గంటలు పోగొట్టుకుంటారు.

ఇంకోటి. పచ్చి బద్ద 61 గ్రాములు తూగింది, నీడలో 12 రోజులు ఆరాక 44. తడి ఉన్నప్పుడు సరిచేసిన వంపు ఆరాక మారిపోతుంది. ముందు ఆరబెట్టి, తర్వాత గీకండి. బద్దలు మేదర్ల దగ్గరే చీల్పించుకోండి. ఒకే బొంగులో పక్కపక్కన ఉన్న బద్దలు రెండు అడ్డబద్దలకూ కావాలని చెబితే వాళ్లకు అర్థమవుతుంది, ఎందుకని కూడా అడగరు.

ఖర్చు: బొంగు 80, పాలిథిన్ 60, టేపు 40. మొత్తం ఇప్పటికి రూ. 180. (పటం చివరికి చెత్తకుండీకే.)

దశ 2: గుడ్డ, సూత్రం (ఎగరేత 2, మైపాడు)

120 ఎత్తు చాలదు. దాని వైశాల్యం 0.86 చదరపు మీటర్లు. రెండోది 150 × 120, వైశాల్యం 1.35. వెన్నుబద్ద (నిలువుది) 10 × 7 మి.మీ., అడ్డబద్దలు 8 × 6 మి.మీ. వంపు పరీక్షలో రెండు సగాలూ 79, 82 మి.మీ. దిగాయి. ఇది చాలు.

గుడ్డ గొడుగులకు వాడేది. చిన్నబజారులో మీటరు లెక్కన దొరికింది, రెండు మీటర్లు చాలు. గుడ్డను నిలువు దారం వెన్నుబద్దకు సమాంతరంగా వచ్చేలా పరిచి కత్తిరించాలి. ఏటవాలుగా కత్తిరిస్తే ఒక పక్క సాగి మళ్లీ ఎడమ జబ్బే పట్టుకుంటుంది. అంచులు కత్తెరతో కోస్తే పోగులు ఊడతాయి. స్టీలు స్కేలు ఆనించి సోల్డరింగ్ ఐరన్‌తో కోస్తే కోసేటప్పుడే అంచు కరిగి అంటుకుంటుంది. బద్ద కట్టే రంధ్రాలకు అగరుబత్తి చాలు, వేలెడంత పొడవున్నది రంధ్రానికి ఒక సెకను. అంచు మడిచి కుట్టడానికి దర్జీ వంద తీసుకున్నాడు. మూలలకు పాత బ్యాగు పట్టీ ముక్కలు లోపలపెట్టి కుట్టించండి. మొదట చిరిగేవి మూలలే.

అడ్డబద్దలను వెనక దారంతో విల్లులా వంచాలి. 120 సెం.మీ. అడ్డానికి మధ్యలో 12 సెం.మీ. లోతు. ఈ వంపే పటాన్ని తోక లేకుండా నిలబెడుతుంది. 8 సెం.మీ. వంపుతో ప్రయత్నిస్తే అటూ ఇటూ ఊగింది, 15తో నిలకడగా ఉంది గానీ లాగుడు తగ్గింది.

సూత్రం, అంటే ఎగరేసే దారాన్ని పటానికి కలిపే దారాల అమరిక, గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎక్కువమంది దగ్గర పాడయ్యేది ఇక్కడే:

1. పై అడ్డబద్దకు వెన్ను నుంచి అటు 30, ఇటు 30 సెం.మీ. దగ్గర 170 సెం.మీ. దారం రెండు కొనలూ కట్టండి. దారం మధ్యలో చిన్న ఉచ్చు.
2. కింది అడ్డబద్దకూ అచ్చం అంతే.
3. ఈ రెండు ఉచ్చుల మధ్య 200 సెం.మీ. దారం కట్టండి.
4. ఆ 200 సెం.మీ. దారం మీద కీచెయిన్ రింగును, లాగితే జరిగేలా, వదిలితే బిగుసుకునేలా తగిలించండి. ఎగరేసే దారం ఈ రింగుకు.

రింగు పై ఉచ్చు నుంచి ఎంత దూరంలో ఉండాలన్నదే ప్రశ్న. గాలి సెకనుకు 5 మీటర్లు (మీ./సె.) ఉన్నప్పుడు చూసింది:

98 సెం.మీ. దగ్గర: పటం 30 డిగ్రీల కోణంలోనే ఆగింది. బాగా లాగుతూ, అటూ ఇటూ ఊగుతూ ఉంది.
90 సెం.మీ. దగ్గర: నెత్తిమీదికి వచ్చి, దారం వదులై, ఆకు రాలినట్టు రాలింది.
94 సెం.మీ. దగ్గర: 52 డిగ్రీలు, నిలకడ.

ఒక్క సెం.మీ. జరిపితే పటం మీద దారం లాగే చోటు దాదాపు 5 సెం.మీ. కదులుతుంది. అందుకే వేలితో తోసి అందాజుగా జరపొద్దు. 94 దగ్గర స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టి, అక్కడి నుంచి అటు ఇటు అర సెం.మీ. చొప్పున జరపండి.

లాగుడు కొలవడానికి లగేజీ తూచే చేతి త్రాసు వాడాము. దారం కొనను దాని కొక్కేనికి తగిలిస్తే చాలు. గాలి 4.5 మీ./సె. ఉంటే 1.1 కిలోలు, 6 ఉంటే 2, 8 ఉంటే 3.5. గాలి రెట్టింపైతే లాగుడు నాలుగింతలు అన్న లెక్క ఇక్కడ అచ్చంగా కనబడుతుంది.

గాలి కొలిచే మీటరు లేకపోతే సముద్రాన్నే చూడండి. అలల మీద తెల్ల నురగ అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే 4, 5 మీ./సె. సముద్రమంతా తెల్లగా ఉంటే ఆ రోజు మైపాడులో రొయ్యల వేపుడు తిని వచ్చేయడమే.

పటం బరువు: గుడ్డ 115, బద్దలు 150, దారాలు 15. మొత్తం 280 గ్రా.
ఖర్చు: గుడ్డ 220, బొంగు 80, కుట్టు 100, దారం 50, త్రాసు 250. ఈ దశకు 700. ఇప్పటికి రూ. 880.

దశ 3: దారం (ఎగరేత 3)

మాంజా మాట ఎత్తొద్దు. నైలాన్ మాంజాను, గాజు పూసిన సింథటిక్ దారాలను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జులైలోనే దేశమంతటా నిషేధించింది. అది లేకున్నా ఈ పనికి పనికిరాదు, ఫోనును మోసే దారం కోసేది కాకూడదు.

ఎంత బలం కావాలి? 8 మీ./సె. గాలికి 3.5 కిలోల లాగుడు. ఒక్కసారిగా 12 మీ./సె. విసురు వస్తే అది 8 కిలోల దగ్గరికి పోతుంది. ముడి వేసిన చోట దారం బలం మూడో వంతు నుంచి సగం దాకా పోతుంది. కాబట్టి 35 కిలోలకు తగ్గిన దారం వద్దు.

మొదట కొన్నది వలలకు వాడే పురిపెట్టిన నైలాన్ దారం, 150 మీటర్లు. బలానికి లోటు లేదు. ఫోను బదులు అర లీటరు సీసాలో పావు లీటరు నీళ్లు పోసి కట్టి పంపాము. (ఫోనును పంపేముందు ఈ సీసాను కనీసం రెండు ఎగరేతల్లో పంపండి. మా సీసా మూడుసార్లు నేలకు కొట్టుకుని చివరికి పగిలింది.) లాగుడు పెరిగే కొద్దీ దారం పురి విప్పుకుంటోంది, దాంతోపాటు సీసా గిరగిరా తిరుగుతోంది. 60 మీటర్లు వదిలేసరికి 31 చుట్లు లెక్కపెట్టాము. దించేటప్పుడు దారం మళ్లీ పురెక్కి, వదులైన చోటల్లా ముడులు పడ్డాయి.

మార్చింది: అల్లిన పాలియెస్టర్ దారం, 2 మి.మీ. లోపు. అల్లినదానికి పురి లేదు, తిరగదు. తూకం మీటరుకు 1.4 గ్రాములు, 150 మీటర్లకు 210.

నైలాన్ మీద నైలాన్ రాసుకుంటే కరుగుతుంది. రింగు లేకుండా సూత్రం ఉచ్చులోంచి దారాన్ని నేరుగా దూర్చిన రోజున నలభై నిమిషాలకు ఉచ్చు సగం తెగి ఉంది, అంచు నల్లగా కరిగింది. దారానికీ దారానికీ మధ్య ఎప్పుడూ లోహపు రింగు ఉండాలి.

చుట్టుకునేందుకు పీవీసీ పైపుతో 'హెచ్' ఆకారంలో కండె చేశాము. లాగుడు మీదున్న దారాన్ని దానికే చుట్టాము. ఒక్కో చుట్టూ రెండు కిలోలతో నొక్కుతుంటే వంద చుట్లకు ఎంతవుతుందో ఆలోచించలేదు. 90 చుట్ల దగ్గర పైపు టప్పున పగిలింది. దారాన్ని చేత్తో లాగి ఇసుక మీద పోసుకుని, లాగుడు లేనప్పుడు చుట్టాలి. తర్వాత చెక్క కండె చేయించాము గానీ అలవాటు మారకపోతే అదీ పగులుతుంది.

చేతి తొడుగులు తప్పనిసరి. మేస్త్రీలు వాడే 50 రూపాయలవి చాలు.

ఖర్చు: పురి దారం 240, అల్లిన దారం 520, పైపు 70, రింగులు 60, తొడుగులు 50. ఈ దశకు 940. ఇప్పటికి రూ. 1,820.

దశ 4: ఫోను ఊయల (ఎగరేతలు 4, 5)

ఒంటి దారానికి వేలాడదీసిన ఫోను లోలకం. 60 సెం.మీ. దారానికి ఒకటిన్నర సెకనుకు ఒక ఊపు. ఎగరేత 4లో 380 ఫొటోలకు పనికొచ్చినవి 11. మిగతావన్నీ ఆకాశమో, సర్వీ (సరుగుడు) తోపో, మసకో. ఒకదాంట్లో మాత్రం దారం పట్టుకున్న మనిషి నోరు తెరుచుకుని పైకి చూస్తున్నది స్పష్టంగా పడింది.

దీనికి మందు వందేళ్ల క్రితమే ఉంది. గాలిపటంతో ఫొటో తీసిన తొలివాళ్లలో ఒకడు ఫ్రాన్స్‌లో ఆర్థర్ బట్యూ, 1888లో. ఊగుడు తగ్గించే ఊయలను 1912లో పికావే అనే ఇంకో ఫ్రెంచివాడు వివరించాడు, ఇప్పటికీ అతని పేరే. చేసే పద్ధతి:

1. 15 × 2 మి.మీ. అల్యూమినియం పట్టీ 30 సెం.మీ. ముక్కలు రెండు, ప్లస్ గుర్తులా మధ్యలో బోల్టు. నాలుగు కొనలకూ కర్టెన్ తీగకు వాడే చిన్న కన్నం మరలు, నట్టుతో. కొనలను 1, 2, 3, 4 అనుకోండి, వరసగా చుట్టూ.
2. ఎగరేసే దారం మీద 120 సెం.మీ. ఎడంలో రెండు కొక్కేలు: క, ఖ. 8 సెం.మీ. గట్టి తీగ తీసుకుని రెండు కొనలూ పంది తోకలా మెలితిప్పి, ఎగరేసే దారాన్ని దానికి ఐదు చుట్లు చుడితే జారదు. ముడి వేయొద్దు, బలం పోతుంది.
3. క, ఖ కొక్కేలకు ఒక్కో నున్నటి రింగు.
4. ఆరున్నర మీటర్ల సన్నదారం ఒక్కటే ముక్క. వరస: క, 1, ఖ, 2, క, 3, ఖ, 4, మళ్లీ క దగ్గర ముడి. ప్రతి కొన నుంచీ ఒక పోగు కకు, ఒక పోగు ఖకు పోవాలి.
5. ఊయలను చేత్తో పట్టుకుని దారాన్ని వాలుగా, నిటారుగా తిప్పి చూడండి. ప్లస్ ఎప్పుడూ మట్టంగా నిలవాలి. ఎక్కడైనా ఆగిపోతే ఆ కన్నంలో రాపిడి ఉంది.

మొదట కన్నం మరలకు బదులు వంచిన మేకులు పెట్టాము. సన్నదారం వాటికి పట్టేసి ఊయల ఒక పక్కకు ఒరిగే ఉండిపోయింది. దారానికి కొవ్వొత్తి రుద్దితే కాస్త జారింది గానీ ఇసుక అంటుకుని ఇంకా పాడైంది. మరలు మార్చాక అసలు రుద్దక్కర్లేదు.

ఫోను కోసం పాత మొబైల్ కవర్ వెనక రెండు మరలతో ప్లస్‌కు బిగించి, పైన రెండు వెడల్పాటి రబ్బరు బ్యాండ్లు, ఆ పైన విడిగా ఒక భద్రపు తాడు. సముద్రపు గాలికి జిప్ కవర్ వేస్తే లోపల ఆవిరి పట్టి ఫొటోలన్నీ పాలవిరుగుడు. కవర్‌కు కెమెరా దగ్గర కన్నం కోయండి.

ఫోనులో చేయాల్సినవి, ఒక్కోటీ ఒక్కో తప్పు నుంచి వచ్చిందే:

1. మూడు సెకన్లకొక ఫొటో తీసే యాప్. 20 నిమిషాలకు 400 ఫొటోలు, ఒకటిన్నర జీబీ పైనే. ముందే ఖాళీ చూసుకోండి.
2. ఫోకస్ దూరానికి తాళం. వదిలేస్తే ప్రతిసారీ దారాన్ని వెతుక్కుంటుంది.
3. షట్టర్ సెకనులో 1000వ వంతు, లేదా అంతకంటే తక్కువ సేపు.
4. వెలుగు 0.7 తగ్గించి పెట్టండి. నల్లటి నీటిమడిని చూసి ఫోను వెలుగు పెంచేస్తుంది, ఉప్పు కుప్పలు సున్నం పూసినట్టు అయిపోతాయి.
5. సిమ్ తీయొద్దు, ఫ్లయిట్ మోడ్ వద్దు. దారం తెగితే రింగు కొట్టి వెతకొచ్చు.
6. ఫోను వీపు పైకి కాదు, తెర పైకి ఉంటుంది, ఎండ నేరుగా తెర మీదే. 25 నిమిషాలకు వేడెక్కి కెమెరా దానంతటదే ఆగింది. తెర మీద తెల్ల థర్మోకోల్ ముక్క అంటించాక 40 నిమిషాలు నడిచింది.

ఎగరేత 5, మైపాడులోనే: 412 ఫొటోలు, పనికొచ్చినవి 263.

ఊయల బరువు 90 గ్రా., ఫోను 170. కలిపి 260. ఇక్కడి నుంచి ఒక నియమం: త్రాసు మీద పది నిమిషాల పాటు లాగుడు 1.1 కిలోలకు తగ్గకుండా ఉంటేనే ఫోను కట్టాలి. మోసే బరువు లాగుడులో పావు వంతు దాటకూడదు.

ఖర్చు: పట్టీ 90, మరలు 40, సన్నదారం 40, రబ్బరు, థర్మోకోల్ 20. ఈ దశకు 190. ఇప్పటికి రూ. 2,010.

దశ 5: ఎక్కడ నిలబడాలి

పటం బాగుండి, ఊయల బాగుండి, ఫొటోలు మాత్రం అన్నీ సర్వీ తోపువే వచ్చాయంటే నిలబడ్డ చోటు తప్పు. మధ్యాహ్నం దాటాక మన తీరంలో గాలి సముద్రం మీంచి నేల మీదికి వస్తుంది. పటం మన వెనక్కి, ఊరి వైపు పోతుంది. 80 మీటర్ల దారం 45 డిగ్రీల్లో ఉంటే నేల మీద అది 57 మీటర్ల దూరం. ఇసుక పడే ఫొటో కావాలంటే నీళ్లంచున, పాదాలు తడిసే చోట నిలబడాలి. తోపు దగ్గర నిలబడితే తోపే వస్తుంది.

తోపుకు గాలివాటు దిక్కున ఎగరేయడం ఇంకా చెడ్డది. 12 మీటర్ల చెట్ల వరస వెనక గాలి కనీసం 120 మీటర్ల దాకా సుడులు తిరుగుతూనే ఉంటుంది. పటం కింద ఉన్నప్పుడు చక్కర్లు కొడుతోందంటే పటాన్ని తిట్టకముందు వెనక్కి తిరిగి చూడండి.

అలల మీది ఫొటో కోసం ఉదయం 8కి వెళ్లాము. అప్పుడు గాలి నేల మీంచి సముద్రం మీదికి. వల ఆరబెట్టుకుంటున్న పెద్దాయన పటాన్ని, ఫోనును చూసి, "అబ్బయా, ఈ గాలిలో తెగిందంటే అండమాన్‌లో తెచ్చుకోవాలి" అన్నాడు. ఆ రోజు ఫోను కట్టలేదు, సీసానే పంపాము. తీరంలో ఫోనుతో ఎగరేసేది సముద్రపు గాలి ఉన్నప్పుడే.

కొన్ని హద్దులు. రొయ్యల గుంటల పక్కన కరెంటు తీగలు ప్రతి గట్టు మీదా ఉంటాయి, ఉప్పు తడి పట్టిన దారంలో కరెంటు పారుతుంది. పటం పడిపోయే దూరంలో, అంటే మొత్తం దారం పొడవులో, ఏ దిక్కునా తీగ ఉండకూడదు. 1934 నాటి విమాన చట్టం గాలిపటాన్ని కూడా విమానాల జాబితాలోనే పెట్టింది. 2024లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. నవ్వొచ్చినా గుర్తుంచుకోవాల్సిందే. మేము ఫోనును 60 మీటర్లు దాటించలేదు. కృష్ణపట్నం రేవు దగ్గరా, శ్రీహరికోట వైపూ పోలేదు. నేలపట్టులో గూడబాతులు గూళ్లు కట్టుకుని ఉండే నెలల్లో ఆ చుట్టుపక్కల దారం తీయడమే తప్పు.

దారం కట్టడానికి ఇసుకలో బస్తా పాతుతాము. బియ్యం బస్తా సగం ఇసుకతో నింపి, తాడు కట్టి, మోకాలి లోతు గోతిలో. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రపు తాబేళ్లు పొడి ఇసుకలో గుడ్లు పెడతాయి, కాబట్టి గొయ్యి పోటు నీళ్లు తడిపే గీతకు కిందే తవ్వాలి.

దించే పద్ధతి. గట్టి గాలిలో దారం చేత్తో లాగితే అరచేయి పోతుంది. దారాన్ని బస్తాకు కట్టేసి, తొడుగు వేసుకున్న చేతిని దారం మీదుగా నొక్కుతూ ఫోను వైపు నడుచుకుంటూ వెళ్లాలి. మీరు నడిచేకొద్దీ దారం వంగి ఊయల దిగివస్తుంది. ఫోను ముందు, పటం తర్వాత. ఇద్దరుండాలి.

దశ 6: ఉప్పుమళ్లు (ఎగరేతలు 6, 7, ఇసకపల్లి)

మళ్ల మీద చెట్టు లేదు, గాలికి అడ్డు లేదు. ఒకసారి మొదలైతే సాయంత్రం దాకా గాలి చదునుగా వస్తుంది. ముందు మళ్లవాళ్లను అడిగి వెళ్లాలి. ఉప్పు తేలుతున్న మడిలో కాలు పెడితే అడుగు బురద పైకి లేచి ఆ మడి ఉప్పు నల్లబడుతుంది, వాళ్ల కూలి పోతుంది. గట్ల మీదే నడవాలి, దారం కూడా మడిలో పడకుండా ఇంకొకరు పట్టుకోవాలి.

ఎగరేత 6 పాడైంది, రెండు కారణాలకు. మొదటిది ఎండ. మధ్యాహ్నం 1 గంటకు తీసిన ప్రతి ఫొటోలోనూ నీటిమడిలో సూర్యుడి మెరుపు తెల్లటి మచ్చగా పడింది. లెక్క ఇది: సూర్యుడు నెత్తి నుంచి ఎన్ని డిగ్రీలు వాలి ఉంటే, నిటారుగా చూసే ఫొటోలో మెరుపు మధ్య నుంచి అన్నే డిగ్రీల దూరంలో పడుతుంది. ఈ ఫోను కెమెరా మూల దాకా 40 డిగ్రీలు చూస్తుంది. సూర్యుడు 40 డిగ్రీల కంటే ఎక్కువ వాలాలి, అంటే దిగంతం నుంచి 50 కంటే కిందికి రావాలి. ఫిబ్రవరిలో నెల్లూరు దగ్గర మధ్యాహ్నం 3 గంటలకు 43 డిగ్రీల దగ్గర ఉంటుంది, అప్పుడు మొదలుపెట్టొచ్చు.

రెండోది గాలి. 5 గంటల తర్వాత నాలుగు నిమిషాల్లో త్రాసు 1.4 నుంచి 0.6కు దిగింది. దారం చుట్టడం మొదలుపెట్టాము, అదే తప్పు. గాలి తగ్గినప్పుడు చుట్టే వేగం చాలదు. చుట్టడం వదిలేసి, దారం పట్టుకునే గాలికి ఎదురుగా వెనక్కి పరుగెత్తాలి, లేదా రెండు చేతుల్తో బారలు బారలుగా లాగి కిందపడేయాలి. పటం గట్టు మీదికి దిగింది, ఊయల మడి అంచున. ఫోను బతికింది, కన్నం మరలు వారానికి తుప్పు పట్టాయి. ఇంటికి రాగానే ఊయలను మంచినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి ఆరబెట్టాలి. దారం కూడా, ఉప్పు గింజలు లోపలే ఉండి రాపిడితో పోగులు కోస్తాయి.

ఎగరేత 7, మధ్యాహ్నం 3.10కి:

గాలి 5 నుంచి 6 మీ./సె., లాగుడు 1.4 నుంచి 1.9 కిలోలు.
పటాన్ని ఒక్కదాన్నే 25 మీటర్లు వదిలి పది నిమిషాలు చూసి, అక్కడ ఊయల కట్టాము. పటానికి ఇంకా దగ్గరగా కడితే దాని ఊపులన్నీ ఫోనుకు వస్తాయి.
ఊయల దాకా దారం 58 మీటర్లు, కోణం 49 డిగ్రీలు. కోణం కొలిచింది కోణమానినికి దారం, నట్టు వేలాడదీసి.
లెక్క ప్రకారం ఎత్తు 43.8 మీ.

ఎత్తును ఫొటోతోనూ సరిచూసుకోవచ్చు. నాలుగు మీటర్ల తెల్ల పంచెను గట్టు మీద పరిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టాము. 4000 పిక్సెళ్ల వెడల్పు ఫొటోలో, ఈ కెమెరాకు, ఎత్తు = పంచె పొడవు × 3000 ÷ పంచె పిక్సెళ్లు. పంచె 282 పిక్సెళ్లు వచ్చింది. ఎత్తు 42.5 మీ. దారం కడుపు వాలడం వల్ల మీటరు పైచిలుకు తేడా, అంతే. మైపాడులో కోణం కొలవకుండా "60 మీటర్లు ఉంటుందిలే" అనుకున్న రోజున ఇదే పంచె 38 అని తేల్చింది.

42 మీటర్ల నుంచి ఒక ఫొటోలో పట్టే నేల 56 × 42 మీ. ఒక్కో పిక్సెల్ 1.4 సెం.మీ. ఉప్పు లాగే పలక పట్టుకున్న మనిషి నీడ, తాటాకు కప్పిన ఉప్పు రాశి, ఏ మడిలో ఉప్పు తేలింది, ఏది ఇంకా నీళ్లే అన్నది రంగును బట్టి తెలుస్తుంది.

396 ఫొటోలు, పనికొచ్చినవి 301.

ఖర్చు: చెక్క కండె 150, ఐదు ప్రయాణాల పెట్రోలు 650. ఇప్పటికి రూ. 2,810. ఇందులో వృథా: మొదటి పటం 180, పురి దారం 240, పైపు కండె 70. మొత్తం 490.

దశ 7: అతకడం

ఫొటోలను ఒకే మ్యాపుగా అతకడానికి ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాము. పక్కపక్క ఫొటోలు మూడింట రెండు వంతులు ఒకదాని మీద ఒకటి పడాలి. గాలిపటం వరసలు తీరి ఎగరదు కాబట్టి దారం పట్టుకున్నవాళ్లు గట్టు వెంబడి నిమిషానికి పది అడుగుల చొప్పున నడిచారు. 301 ఫొటోలూ ఇస్తే పాత లాప్‌టాప్ రాత్రంతా నడిచి ఆగిపోయింది. చేత్తో ఏరి 64 ఇస్తే రెండు గంటల్లో అయింది. నీళ్లు మాత్రమే ఉన్న మడుల్లో పట్టుకోవడానికి గుర్తులు లేక అతుకు తప్పింది, అక్కడ గట్టు రెండుగా విరిగినట్టు కనబడుతోంది. దానికోసం తర్వాతిసారి ఆ గట్ల మీద సున్నం పూసిన ఇటుకలు పది పెట్టాలి.

ఇంకా మిగిలినవి: గుడ్డ కింది మూల కుట్టు ఊడింది, పట్టీ మార్చాలి. కన్నం మరలు స్టీలువి కొనాలి. పంచె ఉతకడానికి వేశాము, ఉప్పు మరక పోలేదు.